పొగ పోయింది, బుడ్డి మిగిలింది

ఈ సంచికకి ఏం రాస్తున్నావ్ అని క్లబ్ గ్రూపులో అడిగితే, "హుక్కా గురించి" అని టైప్ చేశా. రెండు నిమిషాలు ఎవ్వరూ ఏమీ అనలేదు. తర్వాత ఒక సీనియర్ అన్న, "మన మ్యాగజైన్ సార్‌లు కూడా చదువుతారు రా, గుర్తుందా?" అని పెట్టాడు. గుర్తుంది అన్నా. అందుకే ముందే చెప్పేస్తున్నా: నేను హుక్కా తాగను, సిగరెట్ తాగను, ఎవర్నీ తాగమని చెప్పట్లేదు. ఇంకో మాట కూడా ముందే. టెన్త్ దాకా నా చదువంతా ఇంగ్లీష్ మీడియం. ఒత్తులు తప్పితే నన్ను కాదు, కీబోర్డుని తిట్టుకోండి.

మన బ్యాచ్‌కి హుక్కా అంటే ఒకటే సీన్. చీకటి గది, ఊదా రంగు లైట్లు, యాపిల్ ఫ్లేవర్, పొగతో రింగులు, దాని మీద ఒక ఇన్‌స్టా స్టోరీ. 2024 ఫిబ్రవరిలో మన అసెంబ్లీ హుక్కా పార్లర్లని నిషేధిస్తూ బిల్లు పాస్ చేసినప్పుడు నేను ఇంటర్‌లో ఉన్నా. అప్పుడు క్లాసులో రెండు పార్టీలు అయ్యాయి. ఒక పార్టీ, "హుక్కా మన కల్చర్ బ్రో, నవాబుల కాలం నుంచి ఉంది" అంది. ఇంకో పార్టీ, "దరిద్రం, ఆ సామానంతా పగలగొట్టి పారెయ్యాలి" అంది. నేను ఆ రోజు ఏ పార్టీలోనూ చేరలేదు, ఎందుకంటే నాకు ఏమీ తెలీదు. ఇప్పుడు కొంచెం తెలిసింది. తెలిశాక కూడా ఏ పార్టీలోనూ చేరట్లేదు. ఎందుకో చెప్పడానికే ఇది.

మాది మెదక్. మా ఇంట్లో టీవీ స్టాండ్ మీద ఒక నల్ల బుడ్డి ఉండేది. పెద్ద కొబ్బరి బోండాం అంత ఉంటుంది. కింద వెడల్పు, పైకి పోయేకొద్దీ సన్న మెడ, మొత్తం మీద గుడి గంట ఆకారం. అమ్మ దాంట్లో ప్లాస్టిక్ గులాబీలు పెట్టింది. నలుపు అక్కడక్కడ పోయి బూడిద రంగు తేలింది. దాని ఒంటి మీద ఏవో పూల మొక్కలు, తీగలు ఉన్నట్టు కనిపించేది కానీ దుమ్ము పట్టి అవీ సరిగ్గా తెలిసేవి కావు. చిన్నప్పుడు ఒకసారి దాన్ని కాలి మీద వేసుకుని గోరు ఊడగొట్టుకున్నా. అంత బరువు. దాని గురించి నాకు తెలిసింది అంతే.

ఫస్టియర్‌లో ఫ్రెండ్స్‌తో కలిసి సాలార్‌జంగ్ మ్యూజియంకి వెళ్లా. అందరూ మ్యూజికల్ క్లాక్ కొట్టే టైం అవుతోందని పరిగెత్తారు. నేను బిద్రీ సామాను పెట్టిన గదిలో ఆగిపోయా. అద్దం వెనకాల మా పూలకుండీ ఉంది! మాది కాదు, దాని అన్నయ్య. నల్లగా నిగనిగలాడుతూ, వెండి పూలు మెరుస్తూ. కింద హుక్కా అని రాసి ఉంది.

వెంటనే ఇంటికి ఫోన్ చేశా. "అమ్మా, మన పూలకుండీ పూలకుండీ కాదంట. హుక్కా బుడ్డి అంట."

అమ్మ ఆశ్చర్యపోలేదు. "మీ నానమ్మకి తెలుసు. అందుకే ఆమె దాని దిక్కు చూడదు" అంది. ఆ మాటకి అర్థం నాకు చాలా తర్వాత తెలిసింది. ముందు ఆ బుడ్డి సంగతి.

హుక్కాలో పైన చిలుం ఉంటుంది. దాంట్లో పొగాకు, దాని మీద నిప్పు. మధ్యలో నిలువు గొట్టం. కింద నీళ్లు పోసే బుడ్డి. పక్క గొట్టం నోట్లో పెట్టుకుని పీలిస్తే పొగ నీళ్లలోంచి గుడగుడమంటూ వస్తుంది. అందుకే మన పెద్దవాళ్లు దాన్ని గుడగుడి అన్నారు. చిలుం మట్టిది, పగిలిపోతుంది. గొట్టాలు చెక్క, గుడ్డ, తోలు, అవి చివికిపోతాయి. మిగిలేది లోహంతో చేసిన బుడ్డి. మ్యూజియాల్లో ఎక్కువగా బుడ్డి ఒక్కటే కనిపించడానికి కారణం అదే. ఆకారాన్ని బట్టి కాలం కూడా కొంత చెప్పొచ్చు. పాతవి, అంటే 17వ శతాబ్దానివి, ఇంచుమించు బంతిలా గుండ్రంగా ఉంటాయి. కింద చుట్టకుదురు లాంటి రింగు పెడితే తప్ప నిలబడవు. 18వ శతాబ్దం మధ్య నుంచి అడుగు వెడల్పయి గంట ఆకారం వచ్చింది. దొర్లిపోయే వస్తువుకి ఎవరో బగ్ ఫిక్స్ చేశారన్నమాట. మాది ఫిక్స్ అయిన వెర్షన్.

బిద్రీ అనే పేరు బీదర్ నుంచి వచ్చింది. బీదర్ అంటే ఎక్కడో కర్ణాటక అనుకుంటాం గానీ, నిజాం రాజ్యంలో మెదక్, బీదర్ పక్కపక్క జిల్లాలు. 1956లో రాష్ట్రాలు విడదీసేదాకా జహీరాబాద్, నారాయణఖేడ్ తాలూకాలు బీదర్ జిల్లాలోనే ఉండేవి. ఆ తర్వాత అవి మెదక్ జిల్లాకి వచ్చాయి, బీదర్ మైసూరు రాష్ట్రానికి పోయింది. మ్యాప్ మీద గీత కొత్తది, బుడ్డి పాతది.

పోయిన దసరా సెలవుల్లో మా బావతో కలిసి బీదర్ వెళ్లా. సంగారెడ్డి, జహీరాబాద్ మీదుగా బస్సులు మారి చౌబారా దగ్గర దిగాం. అక్కడి గల్లీల్లో బిద్రీ పని చేసే దుకాణాలున్నాయి. ఒక పెద్దాయన కింద కూర్చుని, చిన్న రాతి దిమ్మ మీద మైనంతో వస్తువుని కదలకుండా అతికించి పని చేస్తున్నాడు. మా ముఖాలు చూసి కొనేవాళ్లు కాదని అర్థమై ఉంటుంది, అయినా "ఆవో బేటా" అని కూర్చోబెట్టాడు.

ఆ పని వరుసగా చెప్తా, ఎందుకంటే మెటీరియల్స్ సబ్జెక్టులో నేను నేర్చుకున్నదాని కంటే ఆ గంటలో ఎక్కువ నేర్చుకున్నా. మొదట జింక్‌లో కొంచెం రాగి కలిపి కరిగిస్తారు. జింక్ చాలా ఎక్కువ, రాగి చాలా తక్కువ. సాధారణంగా పదహారు పాళ్లకి ఒక పాలు అని చెప్తారు. మట్టిలో గుగ్గిలం, ఆముదం కలిపి అచ్చు తయారుచేసి అందులో పోస్తారు. బయటికి తీస్తే తెల్లగా, గరుగ్గా ఉంటుంది. ఆకురాయితో అరగదీసి నున్నగా చేస్తారు. తర్వాత మైలుతుత్తం నీళ్లు రుద్దుతారు. ఆ నీళ్లకి పైభాగం తాత్కాలికంగా నల్లబడుతుంది. ఆ నలుపు మీద మొనదేలిన పరికరంతో గీస్తే గీత తెల్లగా కనిపిస్తుంది, పలక మీద బలపం గీసినట్టు. పెద్దాయన స్కేలు లేదు, స్టెన్సిల్ లేదు, చేత్తోనే ఒక తీగని మొదలుపెట్టి బుడ్డి చుట్టూ తిప్పి మళ్లీ మొదలుకి కలిపాడు. నేనైతే కోడ్‌లో ఒక సర్కిల్ గీయడానికి కూడా లైబ్రరీ ఇంపోర్ట్ చేస్తా.

తర్వాత సన్న ఉలితో ఆ గీతల వెంట గాడి తవ్వుతారు. గాడిలో స్వచ్ఛమైన వెండి తీగ పెట్టి సుత్తితో మెల్లగా కొట్టి కూరుస్తారు. జిగురు ఉండదు, టంకం ఉండదు. గాడి అంచులే వెండిని పట్టుకుంటాయి. తీగతో చేస్తే తార్‌కషి. రేకు కత్తిరించి పొదిగితే తెహ్‌నిషాన్. వెండి రేకు మొత్తం పరిచి, అందులో పూల ఆకారం కత్తిరించి తీసేస్తే, తెలుపు మీద నల్ల పూలు వస్తాయి. దాన్ని అఫ్తాబీ అంటారు.

అంతా అయ్యాక కూడా వస్తువు తెల్లగానే ఉంటుంది. మైలుతుత్తం నలుపు రుద్దేసరికి పోయింది కదా. వెండి తెల్లనే, జింక్ తెల్లనే, దూరం నుంచి చూస్తే పని చేసినట్టే తెలీదు. అసలు మ్యాజిక్ చివర్లో ఉంది. బీదర్ కోటలోంచి తెచ్చిన పాత మట్టిని నవాసారంతో, అంటే కళాయి పోసేవాళ్లు వాడే అమ్మోనియం క్లోరైడ్‌తో, నీళ్లలో కలిపి, కొంచెం వేడిచేసిన వస్తువు మీద రుద్దుతారు. జింక్, రాగి కలిసిన భాగం కాటుక నలుపు అవుతుంది. వెండికి ఏమీ కాదు. అప్పటిదాకా దాక్కున్న పూలన్నీ ఒక్కసారి బయటపడతాయి. కొంచెమే వేసిన ఆ రాగి ఎందుకో అప్పుడు తెలుస్తుంది. రాగి లేకపోతే ఆ నలుపు పట్టదు. వాన, ఎండ తగలకుండా వందల ఏళ్లు ఉన్న మట్టి అయితేనే పనికొస్తుందని వాళ్ల నమ్మకం. పనికొచ్చే మట్టో కాదో నాలుక మీద పెట్టి చూసి చెప్తారు. చివరికి నూనె రాసి తుడుస్తారు. ఇంట్లో అమ్మ పదేళ్లుగా మా బుడ్డిని తడిగుడ్డతో తుడుస్తోందని చెప్తే పెద్దాయన తల పట్టుకున్నాడు.

ఇంత పని ఒక పొగ గొట్టం కోసమా అనిపించొచ్చు. నాకూ అనిపించింది. పొగాకు మన మొక్క కాదు. అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు వాళ్ల ఓడల్లో దక్కనుకి వచ్చింది. అక్బర్ దూతగా బీజాపూర్ వెళ్లిన అసద్ బేగ్ 1604 ప్రాంతంలో అక్కడ పొగాకు చూసి, రత్నాలు పొదిగిన గొట్టంతో సహా ఆగ్రాకి పట్టుకెళ్లి అక్బర్ ముందు పెట్టానని రాసుకున్నాడు. అక్బర్ కొంచెం పీల్చాడు, ఆస్థాన వైద్యుడు వద్దని అడ్డుపడ్డాడు. అంటే మన దగ్గర ఈ అలవాటు వచ్చిన రోజే దాని మీద డాక్టర్ అభ్యంతరం కూడా వచ్చింది. అదే 1604లో ఇంగ్లండ్ రాజు మొదటి జేమ్స్ పొగాకుని తిడుతూ ఏకంగా పుస్తకమే వేశాడు. 1617లో జహంగీర్ నిషేధం పెట్టాడు. ఎవరూ వినలేదు. వినకపోగా గొట్టాన్ని ఇంకా అందంగా చేసుకున్నారు.

అలా చేసుకున్నది మనమే కాదు. టర్కీలో ఎస్కిషెహిర్ దగ్గర దొరికే మీర్‌షామ్ అనే తెల్లటి మెత్తని రాయిని తలపాగా పెట్టుకున్న మనుషుల తలలుగా చెక్కి పైపులు చేస్తారు. ఫ్రాన్స్‌లో సెయింట్ క్లాడ్ అనే ఊరు బ్రయర్ పైపులకే పేరు తెచ్చుకుంది. బ్రయర్ అంటే మధ్యధరా ప్రాంతంలో పెరిగే ఒక పొద అడుగున ఉండే గట్టి బుడిపె. తొందరగా కాలదు, అందుకే దాంతో చేస్తారు. డెన్మార్క్‌లో సిక్స్‌టెన్ ఇవార్సన్ అనే ఆయన ఆ చెక్కలోని గీతలు ఎటు పోతే ఆకారం అటు పోనిచ్చి పైపుని శిల్పం చేశాడు. అలాంటి పేరున్నవాళ్ల పైపులకి కలెక్టర్లు వేల డాలర్లు పెడతారు. కొని, ఒక్కసారి కూడా వెలిగించకుండా దాచుకునేవాళ్లూ ఉన్నారు.

ఇక్కడ ఒక తేడా నన్ను గుచ్చింది. ఆ పైపుల కాడ మీద చేసినవాడి పేరు ముద్ర ఉంటుంది. కొనేవాడు ముందు ఆ పేరే చూస్తాడు. బిద్రీ హుక్కా బుడ్డి లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది, న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. 1851లో లండన్‌లో జరిగిన గ్రేట్ ఎగ్జిబిషన్‌లో కూడా బిద్రీ సామాను పెట్టారు. కానీ పాత బుడ్డిల మీద చేసినవాడి పేరు ఉండదు. ఊరి పేరు ఉంటుంది, శతాబ్దం ఉంటుంది, ఒక్కోసారి వాడిన నవాబు పేరు కూడా ఉంటుంది. గిట్‌హబ్‌లో ఒక కామా సరిచేసినా మన పేరు పడుతుంది. ఇన్ని వందల గంటలు ఉలి పట్టినవాడి పేరు పడలేదు.

ఇదంతా పట్టుకుని ఇంటికొచ్చా. బుడ్డిలోంచి గులాబీలు తీసేశా. మెత్తని గుడ్డతో దుమ్ము తుడిచి, చుక్క కొబ్బరినూనె రాశా. నలుపు పూర్తిగా రాలేదు కానీ వెండి తేలింది. చుట్టూ వరసగా పూలమొక్కలు, ఒక్కో మొక్కకి కుడి ఎడమ వంగిన ఆకులు. ఒకచోట ఒక రేకు ఊడిపోయి ఖాళీ గాడి కనిపిస్తోంది. ఫోటోలు తీసి స్టేటస్ పెట్టా. తెలిసినవాళ్ల ద్వారా హైదరాబాద్‌లో పాత సామాను కొనే ఒకాయనకి ఆ ఫోటో చేరింది. ఆయన ఒక రేటు చెప్పాడు. నాన్న విని, "అమ్మితే నీ హాస్టల్ ఫీజు ఒక ఏడాదికి వెళ్లిపోద్ది" అన్నాడు. తమాషాకి అనలేదు. మా ఇంట్లో ఆ ఫీజు తమాషా కాదు.

నేను లెక్చర్ మొదలుపెట్టా. కళ, వారసత్వం, మ్యూజియం, వందేళ్లు దాటిన ఇలాంటి వస్తువుల్ని దేశం దాటిపోకుండా 1972లోనే చట్టం చేశారు, ఇట్లా. అప్పటిదాకా మూలకి కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతున్న నానమ్మ అందుకుంది.

"గది ఏందో ఎర్కనా నీకు? గది గడిలది. మా మామ పదేండ్ల పోరగాడప్పటి సంది దొరకు గుడగుడి నింపిండు. నిప్పులు ఊదిండు. దొర పీల్చెటోడు, మా మామ ఊదెటోడు. పొగ దొరకు, దగ్గు మా మామకు. గడి ఖాళీ చేసి దొర పట్నం పోంగ, కూలి బాకీ కింద గది చేతుల పెట్టిన్రు. పువ్వులున్నయంట పువ్వులు! గా పువ్వులు మా మామ ఎన్నడన్న జూసిండా?"

ఇంట్లో ఎవ్వరం మాట్లాడలేదు. నాన్నకి కూడా సగమే తెలుసంట.

అమ్మ ఫోన్‌లో అన్న మాట అప్పుడు అర్థమైంది. నానమ్మకి పొగాకుతో ఇంకో లెక్క కూడా ఉంది. ఆమె ఇరవై ఏళ్లకి పైగా బీడీలు చేసింది. మా వైపు ఊళ్లలో ఆడవాళ్లకి అది తెలిసిన పనే. తునికాకు తడిపి, కత్తిరించి, పొగాకు వేసి, చుట్టి, దారం కట్టి, మూతి మడవాలి. కూలి వెయ్యి బీడీలకి ఇంత అని లెక్క. ఆమె వేళ్లు ఇప్పటికీ ఊరికే కూర్చున్నప్పుడు ఏదో చుడుతున్నట్టు కదులుతుంటాయి. ఆమె చుట్టినవి ఎవరో తాగారు. తాత కూడా తాగాడు. 2016లో ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. నా దృష్టిలో అద్దం వెనకాల పెట్టాల్సిన కళాఖండం ఆమె దృష్టిలో మూడు తరాల దగ్గు.

ఆ రాత్రి నేను చాలా సేపు ఆలోచించా. నా అభిప్రాయం మారిందా అంటే, సగం మారింది. ఆ మిగిలిన సగం, మారిన సగం కలిపి ఇక్కడ పెడుతున్నా.

ఒకటి. "హుక్కా మన కల్చర్" అనే మాట అబద్ధం. పార్లర్‌లో చైనా గాజు గొట్టంలో ఫ్లేవర్ పొగ పీల్చడానికి, బీదర్ ఉలి పనికి ఏ సంబంధమూ లేదు. నవాబు బొమ్మ గోడ మీద పెట్టినంత మాత్రాన సంబంధం రాదు. నీళ్లు విషాన్ని వడపోస్తాయనేది కూడా అబద్ధం. ఒక సిటింగ్‌లో హుక్కా తాగేవాడు పీల్చే పొగ వంద సిగరెట్ల పొగకి సమానం కావొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లోనే హెచ్చరించింది. పార్లర్లు మూసేస్తే కళ పోదు. కళ అక్కడ ఎప్పుడూ లేదు.

రెండు. "ఆ సామానంతా పగలగొట్టాలి" అనేది కూడా తప్పు. వస్తువు వేరు, అలవాటు వేరు. మన భాషలో చెప్పాలంటే హుక్కా అనే అప్లికేషన్ డిప్రికేట్ అయింది, బిద్రీ అనే లైబ్రరీ ఇంకా పనిచేస్తోంది. బీదర్‌లో ఇప్పుడు ఎవరూ హుక్కా కోసం ఎదురుచూస్తూ కూర్చోలేదు. పూలకుండీలు, పెట్టెలు, గాజులు, పెన్నులు, చివరికి పెన్‌డ్రైవ్ కవర్లు కూడా చేస్తున్నారు. 2006లో బిద్రీకి జీఐ గుర్తింపు వచ్చింది. 2023లో షా రషీద్ అహ్మద్ ఖాద్రీ గారికి ఈ పనికే పద్మశ్రీ వచ్చింది. ఆ చేతి విద్య ఇక్కడిదాకా రావడానికి దారి వేసింది ఆ పాత బుడ్డిలే. వాటిని పగలగొడితే దొరకి పోయేదేమీ లేదు, దొర ఎప్పుడో పోయాడు. పోయేది ఉలి పట్టినవాడి ఆనవాలు ఒక్కటే. పేరు ఎలాగూ లేదు, పని కూడా లేకుండా పోతుంది.

మూడు. ఇది నానమ్మ నేర్పింది. దాచుకోవడం ఒక్కటే సరిపోదు, దాచుకున్నదాని కథ మొత్తం చెప్పాలి. అద్దం వెనకాల ఉన్న బుడ్డి పక్కన వెండి ఎంత, శతాబ్దం ఏది అని రాస్తాం. దాన్ని చేసిందెవరు, నిప్పు ఊదిందెవరు, ఆ పొగ ఎవరి ఊపిరితిత్తుల్లోకి పోయింది అని రాయం. సగం కథ చెప్తే వస్తువు అందంగా మాత్రమే కనిపిస్తుంది. అందంగా మాత్రమే కనిపిస్తే పార్లర్‌వాడు దాన్ని పోస్టర్ మీద వేసుకుంటాడు. మొత్తం కథ చెప్తే వేసుకోలేడు.

మెదక్‌లో పుట్టినవాడికి ఇది కొత్త విషయం కాకూడదు. మా చర్చి చూడ్డానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. 1924 క్రిస్మస్ రోజున దాన్ని ప్రారంభించారు, ఈ మధ్యే నూరేళ్లు నిండాయి. కట్టించింది చార్లెస్ వాకర్ పాస్నెట్ అని చిన్నపిల్లాడు కూడా చెప్తాడు. రంగు అద్దాల కిటికీలు గీసింది లండన్‌కి చెందిన ఫ్రాంక్ సాలిస్బరీ అని గైడ్లు చెప్తారు. కరువు రోజుల్లో తిండి కోసం ఆ రాళ్లు మోసి ఆ గోడలు లేపిన మనుషుల కథ కూడా చెప్తారు, కానీ అందులో ఒక్క పేరు కూడా రాదు. వాళ్ల మునిమనవలు బహుశా నాతోపాటే స్కూల్లో చదివి ఉంటారు. వాళ్లకీ తెలీదు.

దీనికి ఒకటి ఒప్పుకోవాలి, లేకపోతే ఈ వ్యాసం అబద్ధం అవుతుంది. బీదర్‌లో ఆ పెద్దాయన దగ్గర గంటసేపు కూర్చుని, అన్నీ చూసి, చివర్లో ఒక పెన్‌డ్రైవ్ కొన్నా. రేటు చెప్తే, "కొంచెం తగ్గించండి" అన్నా. ఎందుకన్నానో నాకే తెలీదు, అలవాటు. ఆయన రెండొందలు తగ్గించాడు. తిరిగొచ్చేటప్పుడు జహీరాబాద్‌లో బిర్యానీ, కూల్‌డ్రింకులకి అంతకంటే ఎక్కువే పెట్టాం, అక్కడ ఎవర్నీ తగ్గించమనలేదు. ఇంకా సిగ్గుచేటు ఏంటంటే, బస్సులో కూర్చున్నాక మా బావ అడిగాడు, "ఆయన పేరేంటి రా?" అని. నేను అడగలేదు. నాలుగొందల ఏళ్లుగా జరుగుతున్న తప్పుని నేను గంటలో మళ్లీ చేశా.

కాబట్టి ఫ్రెండ్స్, నా సలహా పెద్దదేమీ కాదు. బిద్రీ కావొచ్చు, సిద్దిపేట గొల్లభామ చీర కావొచ్చు, పెంబర్తి ఇత్తడి పని కావొచ్చు, చేత్తో చేసిన వస్తువు కొంటే చేసినవాళ్ల పేరు అడగండి. బిల్లు వెనకాల రాసుకోండి. అమెజాన్‌లో తగ్గించమని అడగని మనం గల్లీలో అడగడం మానేద్దాం. ఇంట్లో ఏదైనా పాత వస్తువు ఉంటే, గూగుల్ లెన్స్ పెట్టే ముందు ఇంట్లో పెద్దవాళ్లని అడగండి. గూగుల్ లెన్స్ నాకు 18వ శతాబ్దం అని చెప్పింది. కూలి బాకీ అని చెప్పలేదు.

బుడ్డి ఏమైంది అంటారా? అమ్మలేదు. నాన్న రెండు రోజులు ఆలోచించి, "మా తాత కూలి అది, ఫీజుకి వేరే చూద్దాంలే" అన్నాడు. ఆ వేరే చూడ్డం అంటే ఏంటో నాకు తెలుసు, అందుకే ఈ సెమ్ బ్యాక్‌లాగ్ లేకుండా గట్టెక్కాలి. నేను ఒక అట్టముక్క మీద తెలుగులో ఒక లేబుల్ రాశా. "బిద్రీ హుక్కా బుడ్డి. జింక్, రాగి, వెండి. చేసినది: బీదర్ పనివాడు, పేరు తెలియదు. వాడినది: గడి దొర." నానమ్మకి చదివి వినిపించా.

ఆమె విని, "దొర ముచ్చట ఎందుకు? ఊదినోని పేరు రాయి" అంది.

దొరని కొట్టేసి ముత్తాత పేరు రాశా. ఆ పేరు నేను రాయడం అదే మొదటిసారి. ఒత్తు తప్పు రాస్తే నాన్న దిద్దాడు. ఇప్పుడు బుడ్డి మళ్లీ టీవీ స్టాండ్ మీదే ఉంది, గులాబీలు లేకుండా. నానమ్మ ఇంకా దాని దిక్కు పెద్దగా చూడదు. కానీ మొన్న చుట్టాలొస్తే లేబుల్ చదివి వినిపించమని నాకే చెప్పింది.